అడ్డగీతతో మొదలైన ఫైలు

మా అక్క సత్యవేణి ఊరగాయ జాడీల మీద ఉత్త పేర్లు రాయదు. పేరుకి ముందు ఏదో ఒక గుర్తు తగిలిస్తుంది. బాగా కుదిరిన మాగాయకి నక్షత్రం. ఉప్పు చాలిందో లేదో ఇంకా తేలని ఉసిరికాయకి ప్రశ్నార్థకం. పక్కింటి వాళ్ళ దగ్గర నేర్చుకున్నదైతే అటూ ఇటూ కొటేషన్లు. అదేమిటే అంటే, "మనది కానిది మనదని చెప్పుకోకూడదు కదే" అంటుంది. పేరుకి ముందు అడ్డగీత ఉందంటే మాత్రం ఆ జాడీ జోలికి ఎవరూ వెళ్ళకూడదు, ఆవిడే తియ్యాలి, ఆవిడే మూత పెట్టాలి. ఒక జాడీకైతే అసలు పేరే ఉండదు, ఒట్టి నక్షత్రం. "ఇంత బాగా కుదిరాక ఇంకా పేరెందుకే?" అని దబాయిస్తుంది.

ఈ అలవాటు వంటింట్లో ఉన్నన్నాళ్ళూ మాకు ముచ్చటగానే ఉండేది. మా ల్యాబ్‌లోకి వచ్చి నా ప్రాణం తోడేసింది.

నా పేరు తాయారు. రాజమండ్రిలో ధారణ కేంద్రంలో పనిచేస్తాను. డాక్టర్ని కాను, ఫైళ్ళు చూసే మనిషిని. మనుషుల తలల్లోంచి వచ్చిన ఫైళ్ళు. తలలో కణితి ఉన్నవాళ్ళకి ఆపరేషన్ చేస్తే, కోసేసిన చోట ఉన్న జ్ఞాపకాలు కూడా పోతాయి. అందుకని ముందే వాటిని యంత్రంతో బయటికి తోడి, ఆపరేషన్ అయ్యాక పక్కనున్న మంచి చోట తిరిగి ఎక్కిస్తాం. ఇది కనిపెట్టింది మా డాక్టర్ ఇందుశేఖర్. చాలా గొప్ప మనిషి, చాలా నిర్లక్ష్యపు మనిషి. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుని వచ్చే రకం.

మొదట్లో జ్ఞాపకాలకి అంకెలు ఇచ్చేవాళ్ళం. ఒక పెద్దాయనకి పెళ్ళి జ్ఞాపకం ఎక్కిస్తే శ్రద్ధగా చూసి, "ఎవరి పెళ్ళండీ ఇది? భోజనాలు బాగున్నాయి" అన్నాడు. పక్కనే ఆయన భార్య నిలబడి ఉంది. ఆవిడ మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేను. ఆ తర్వాత డాక్టరుగారికి తెలిసివచ్చింది, జ్ఞాపకానికి కొక్కెం కావాలని. తోడేముందు ఆ మనిషే తన చేత్తో యంత్రం పలక మీద దానికో పేరు రాసుకోవాలి. తిరిగి ఎక్కించేటప్పుడు అదే పేరు, రాసినది రాసినట్టు కళ్ళముందు కనబడాలి. అప్పుడే అది "నాది" అని మనసు పట్టుకుంటుంది. కాబట్టి ఫైలు పేరు కూడా అదే. ఒక్క గుర్తు మార్చినా పట్టు జారుతుంది.

అక్క తలలో కణితి బయటపడ్డప్పుడు నేను ఏడ్చాను, బావ ఏడవలేదు, అక్క మాత్రం, "బాగుందే, నా బుర్ర నీ చేతుల్లోకి వచ్చింది, చిన్నప్పటి కసంతా తీర్చుకో" అంది.

బావ పేరు గంగరాజు. మోటార్లకి వైండింగ్ చేసే షాపు ఉంది. రోజు మొత్తం మీద ఆయన మాట్లాడేది అక్క ఒక్క పూటలో మాట్లాడేదాంట్లో పావు వంతు కూడా ఉండదు. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి తలకి తీగల టోపీ పెడుతుంటే, ఆయన ఆ తీగల వైపే చూస్తూ, "ఎర్తింగ్ ఇచ్చారా అండీ?" అని డాక్టరుగారిని అడిగారు. అంతే మాట్లాడింది.

"ఇదేంటే తాయారూ, మళ్ళీ పెళ్ళికూతుర్ని చేస్తున్నారా? బాసికంలా ఉంది," అంది అక్క.

"నోరు మూసుకుని పేరు రాయవే తల్లీ."

రాసింది. ఏం రాసిందో చూసి తల పట్టుకున్నాను. పేరుకి ముందు నక్షత్రం, తర్వాత "నాన్న కొత్త సైకిలు". దాని కింద ప్రశ్నార్థకం పెట్టి "పదో తరగతి పాసయ్యానా". ఆ కింద కొటేషన్లలో "నేను పుట్టిన రోజు వాన". అది అమ్మ చెప్పగా విన్నది కదా, అందుకని. అన్నిటికంటే కింద, పేరే లేకుండా, ఒట్టి నక్షత్రం.

యంత్రం గుయ్యిమంది. మొదటి జ్ఞాపకం బయటికి వచ్చింది. అక్క తను రాసిన పలక చూసి, "నాన్న కొత్త సైకిలా? ఇదెవరు రాశారే?" అంది.

"నువ్వే."

"నాన్నకి సైకిలుండేదా?"

ఆ సైకిలు ముందు కడ్డీ మీద ఒక తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టేవారు, వెనక క్యారియర్ మీద అక్క. దారి పొడుగునా నాన్న పక్కనుంచి చెయ్యి చాపి నా జడ లాగేది.  "ఉండేదిలే," అని మానిటర్ వైపు తిరిగిపోయాను. వెయ్యిమంది ఫైళ్ళు చూసినదాన్నని గర్వపడేదాన్ని. సొంత అక్కది ఒక్కటి చూసేసరికి ఆ గర్వం కాస్తా దిగిపోయింది.

ఆ సాయంత్రమే డాక్టరుగారితో యుద్ధం మొదలైంది. ఫైళ్ళు ఒక్కొక్కటిగా తీసి, తలకి ఎక్కించి, ఎక్కిన వెంటనే తుడిచేసే పనంతా ఒక షెల్ స్క్రిప్టు చేస్తుంది, అంటే కంప్యూటర్‌కి వరసగా రాసిచ్చిన ఆజ్ఞల చీటీ. మనిషి జ్ఞాపకం రెండుచోట్ల ఉండకూడదని మా కేంద్రంలో నియమం, అందుకే తుడవడం. ఆ స్క్రిప్టు డాక్టరుగారు అంకెల కాలంలో రాసింది. ఆ ఆజ్ఞలు చదివి చేయించే షెల్‌కి బుద్ధి తక్కువ, విధేయత ఎక్కువ. నక్షత్రం కనబడితే "ఇక్కడున్నవన్నీ" అనుకుంటుంది. ప్రశ్నార్థకం కనబడితే "ఏదో ఒక అక్షరం" అనుకుంటుంది. పేరు మధ్యలో ఖాళీ ఉంటే ఒక పేరుని మూడు పేర్లు చేసుకుంటుంది.

"ఏమీ కాదు తాయారుగారూ, ఇంతకాలం నడిచిందిగా," అన్నారాయన.

"అయితే రండి, నడిపించి చూద్దాం."

అక్క పెట్టిన పేర్లతోనే ఉత్తుత్తి ఫైళ్ళు చేసి, ఒక బొమ్మ తల పెట్టి స్క్రిప్టు నడిపాను. మొదటి మూడు పేర్లూ ముక్కలు ముక్కలయ్యాయి. ఆ తర్వాత ఒట్టి నక్షత్రం పేరున్న ఫైలు వంతు వచ్చింది. స్క్రిప్టు దాన్ని ఎక్కించి, దాన్ని తుడవమంది. షెల్ చిత్తం అంది, నక్షత్రం అంటే అన్నీ కదా అని మొత్తం తుడిచేసింది. ఫోల్డర్ ఖాళీ. ఇంకా ఎక్కించనివి కూడా పోయాయి.

డాక్టరుగారు ముందు నవ్వారు. తర్వాత కుర్చీలో కూలబడ్డారు. "ఇది నిజంగా జరిగుంటే..." అని ఆగిపోయారు.

"జరిగుంటే మా అక్క బతికుండేది, మా అక్కగా కాదు. లేవండి, ఆ కుర్చీ ఇటివ్వండి," అన్నాను. నాకు కోపం వస్తే చిన్నా పెద్దా కనబడరు.

పేరు వచ్చిన ప్రతిచోటా కొటేషన్లలో పెట్టి తిరగరాశాను. అలా పెడితే షెల్ తన తెలివి చూపించకుండా, ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకుంటుంది. అయినా భయం పోక, అక్క దగ్గరికెళ్ళి బతిమాలాను. "ఆ గుర్తులు తీసేసి మామూలు పేర్లు పెట్టవే. నీకు దణ్ణం పెడతాను."

"నీ కంప్యూటర్‌కి చదువు రాకపోతే నా పేర్లు మార్చుకోవాలా? పోవే," అంది. పక్కనే బావ చిన్నగా నవ్వుకున్నారు.

మళ్ళీ మళ్ళీ నడిపి చూశాను. నక్షత్రాలు, ప్రశ్నార్థకాలు, కొటేషన్లు, ఖాళీలు, అన్నీ సజావుగా పోయాయి. ఆపరేషన్ ముందురోజు అక్క అంది, "ఇంకొకటి మిగిలింది. నువ్వు బయటికెళ్ళు. డాక్టరుగారొక్కరే ఉంటే చాలు."

"నా దగ్గర దాపరికాలేంటే?"

"వెళ్ళమన్నానా!"

వెళ్ళాను. వరండాలో బావ ఉన్నారు. వెళ్ళి ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. అక్క కోలుకుని మాట్లాడటం మొదలుపెట్టాక తిరిగి ఎక్కించడం మొదలుపెట్టాం. ఎంటర్ నొక్కాను. నాన్న కొత్త సైకిలు అనే అక్షరాలు నక్షత్రంతో సహా అక్క కళ్ళముందు వెలిగాయి. అక్క కళ్ళు మూసుకుంది. తెరిచి నా వైపు చూసి, "నీ జడ ఎంత జారుడుగా ఉండేదే, పట్టు దొరికేది కాదు. అమ్మ నూనె గిన్నె మొత్తం నీ నెత్తిన పోసేది," అంది.

నేను అక్కడే భోరుమన్నాను. డాక్టరుగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మిగతావన్నీ ఒకదాని వెనక ఒకటి ఎక్కాయి. పేరులేని నక్షత్రం ఎక్కినప్పుడు అక్క బావ వైపు చూసి సిగ్గుపడింది. అదేమిటో నేను అడగలేదు, అడిగినా చెప్పేది కాదు. స్క్రిప్టు "పూర్తయింది" అంది.

మర్నాడు పొద్దున్న, అలవాటు కొద్దీ, ఆ ఫోల్డర్ తెరిచాను. అన్నీ ఎక్కితే అది ఖాళీగా ఉండాలి. లేదు. ఒక ఫైలు మిగిలి ఉంది. పేరు ముందు అడ్డగీత, తర్వాత ఒక్క మాట.

-పాప

నాకు విషయం అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. పేరు అడ్డగీతతో మొదలైతే, అది ఫైలు పేరు కాదు, తనకిచ్చిన ఆజ్ఞ అనుకుంటాయి ఈ ప్రోగ్రాములు. కొటేషన్లలో పెట్టినా ఇక్కడ పనిచెయ్యదు. డాక్టరుగారి ఎక్కించే ప్రోగ్రాముకి "పాప" అనే ఆజ్ఞ ఏమిటో తెలీలేదు. తెలీదని చెప్పకుండా ఊరుకుని ముందుకెళ్ళిపోయింది. తుడిచే ప్రోగ్రామూ అదే గీత చూసి బెదిరి ఆగిపోయింది. అదొక్కటే మా అదృష్టం. సరిచెయ్యడం నిమిషం పని, పేరుకి ముందు ఒక చుక్కా ఒక వాలుగీతా తగిలిస్తే చాలు, ఇక దాన్ని ఫైలుగానే చూస్తాయి.

కీబోర్డు మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అక్కకి పాప పుట్టినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను, పరీక్షలు. వారం కూడా బతకలేదు. నేను వచ్చేసరికి ఇంట్లో ఉయ్యాల లేదు, బావ దాన్ని వడ్రంగికి తిరిగి ఇచ్చేశారు. ఆ తర్వాత పిల్లలు కలగలేదు. మా ఇంట్లో ఆ పాప ప్రస్తావన ఎవరూ తేలేదు, అక్క ముందు పొరపాటున కూడా. అలా ఏళ్ళు గడిచాయి.

డాక్టరుగారికి చెప్తే ఆయన మొహం నల్లబడింది. "తప్పు నాదే. తెలీకపోతే తెలీదని అరవాలి ఆ ప్రోగ్రాము, నేనే నోరు నొక్కేశాను," అన్నారు. తర్వాత, "గాయం పచ్చిగా ఉన్నంతవరకే తాయారుగారూ. ఈ వారం దాటితే ఎక్కదు. కానీ ఆవిడ ఇంకా పూర్తిగా కోలుకోలేదు కాబట్టి సంతకం భర్తది. ఆయన్ని అడగండి."

క్యాంటీన్‌లో బావకి చెప్పాను. ఆయన టీ గ్లాసు పక్కకి జరిపారు.

"తుడిచెయ్యి," అన్నారు.

"బావా!"

"తుడిచెయ్యమ్మా. దేవుడే ఇలా చేశాడనుకో. నీకు తెలీదు, ప్రతి శ్రావణమాసం ఆవిడ రాత్రుళ్ళు లేచి కూర్చునేది. నేను నిద్రపోతున్నట్టు పడుకునేవాణ్ణి. లేచి ఏం చెప్పాలి? ఏం చెప్పినా పాప రాదు కదా. నిన్న చూశావా, ఎలా నవ్వుతోందో. పెళ్ళయిన కొత్తలో అలా నవ్వేది. ఆ బరువు నేను మోస్తానులే. నాకు అలవాటే."

"అది అక్కది బావా. మనం ఎవరం తుడవడానికి?"

"పోనీ అడుగు. వెళ్ళి అడుగు. 'అక్కా, నీకో పాప పుట్టి చచ్చిపోయింది, ఆ జ్ఞాపకం కావాలా వద్దా' అని అడుగు. అడిగితే చెప్పేసినట్టే కదా! ఇంకేం మిగిలింది?"

ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. క్యాంటీన్‌లో రెండు బల్లల వాళ్ళు మా వైపు తిరిగారు. నాకు కోపం వచ్చింది, అంతలోనే కోపం మీద ఏడుపు వచ్చింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే బాధ. "ఒక్కరోజు ఆగుదాం. అప్పటిదాకా ఫైలు ముట్టను," అన్నాను. ఆయన సరేనని తల కూడా ఊపకుండా లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు ఇంటి నుంచి ఇడ్లీలు పట్టుకుని ఆయన వచ్చేసరికి నేను అక్క గదిలోనే ఉన్నాను. నర్సమ్మ అప్పుడే అక్కకి స్నానం చేయించి, చీర కట్టించి వెళ్ళింది. అక్క పొట్ట తడుముకుంటూ, "ఏవండీ, నా పొట్టమీద ఈ కోతేంటి?" అంది. "తలకి ఆపరేషన్ అన్నారు, పొట్ట కూడా కోశారా ఏంటి వీళ్ళు?"

పాపని తీసినప్పటి కోత అది. బావ చేతిలో క్యారియర్ మూత సగం తీసి ఉంది. ఆయన నా వైపు చూడలేదు.

"పాతది వేణీ. అపెండిసైటిస్."

"ఎప్పుడూ?"

"పెళ్ళయిన కొత్తలో."

"ఓహో," అంది అక్క. అంతే. ఇంకేమీ అడగలేదు. ఇడ్లీ తుంచి చట్నీలో ముంచుకుంటూ, "అప్పుడు కూడా మీరే చేసుంటారు పాపం చాకిరీ అంతా. నేను లేవలేకపోయుంటాను," అంది. చట్నీలో ఉప్పు తక్కువైందని కూడా అంది.

బావ క్యారియర్ నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళిపోయారు. వెనకే వెళ్ళాను. వరండా చివర కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు.

"నమ్మేసింది తాయారూ," అన్నారు. "నేను చెప్పానని నమ్మేసింది. ఇంకో ప్రశ్న వెయ్యలేదు." ఊచలు వదిలి నా వైపు తిరిగారు. "ఇన్నేళ్ళలో ఆవిడతో ఒక్క అబద్ధం ఆడలేదమ్మా. మాట్లాడకుండా ఉన్నాను గానీ అబద్ధం ఆడలేదు. ఇప్పుడు బతికినంత కాలం ఆ కోత చూసినప్పుడల్లా ఆడాలి. ఆవిడ నమ్ముతుంది. పైగా నన్ను చూసి జాలిపడుతుంది!"

 ఆయన పంచె చెంగుతో మొహం తుడుచుకున్నారు. "నేనే చెప్తాను. తర్వాత ఎక్కించుకోవడం, మానడం ఆవిడ ఇష్టం," అన్నారు.

నన్ను కూడా గదిలో ఉండమన్నారు, ఒక్కరే చెప్పడానికి ధైర్యం చాలక. మంచం అంచున కూర్చుని, అక్క చెయ్యి పట్టుకుని, చెప్పారు. పాప పుట్టిన సంగతి, ఊపిరి సరిగ్గా అందని సంగతి, మందుల కోసం తను షాపుల చుట్టూ తిరిగిన సంగతి, ఆఖరికి జరిగిన సంగతి. నాలుగు మాటలకోసారి ఆగుతూ చెప్పారు. అక్క మొత్తం విన్నది. ఆవిడ కంట్లో నీళ్ళు రాలేదు.

"మీ మొహం చూస్తే నిజమేనని తెలుస్తోంది," అంది చివరికి. "కానీ ఎవరిదో కథ విన్నట్టుందండీ. నా కడుపున పుట్టిన పిల్ల అంటున్నారు, నాకేమీ అనిపించడం లేదు. అదేంటండీ, అదే భయంగా ఉంది నాకు." తర్వాత అంది, "ఇంతా మీరొక్కరే మోద్దామనుకున్నారా?"

బావ తల దించుకున్నారు.

"బాగానే ఉంది వరస. తాయారూ, వెళ్ళి ఆ డాక్టర్ని పిలువు. నా పిల్లని నాకిచ్చెయ్యమను."

"నొప్పిగా ఉంటుందక్కా," అన్నాను. ఇంతదాకా ఎక్కించాలని కొట్లాడినదాన్ని నేనే, చివరి నిమిషంలో నాకే గుండె ఆగలేదు.

"ఉంటే ఉండనీవే. కన్నప్పుడు మాత్రం లేకుండా ఉందా?"

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మళ్ళీ ఆ టోపీ పెట్టాం. డాక్టరుగారు గుండీలు సరిగ్గా పెట్టుకుని వచ్చారు. పేరుకి ముందు చుక్క, వాలుగీత కొట్టాను. షెల్‌కి మాత్రమే అవి. అక్క కళ్ళముందు మాత్రం తను రాసింది రాసినట్టే, తన చేతిరాతలోనే వెలిగింది. ఎంటర్ నొక్కి లేచి, అక్క కాళ్ళ దగ్గర నిలబడ్డాను. స్క్రిప్టు ఎక్కించింది. తుడిచింది. ఫోల్డర్ ఖాళీ.

అక్క కళ్ళు మూసుకునే ఉంది. ముందు పెదవులు వణికాయి. తర్వాత ఒక శబ్దం వచ్చింది, అలాంటి శబ్దం మా అక్క నోటి నుంచి నేను ఎప్పుడూ వినలేదు. బావ లేచి ఆవిడ తల తన పొట్టకి ఆనించుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు. డాక్టరుగారు గోడ వైపు తిరిగారు. నేను అక్క పాదాల మీద చెయ్యి వేశాను.

చాలాసేపటికి అక్క ముక్కు చీదుకుని, "తుమ్మిందండీ," అంది.

"ఏంటీ?" అన్నారు బావ.

"పాప. మీరు మందులకెళ్ళినప్పుడు. రెండు తుమ్ములు తుమ్మింది. ఇంకోటి రాబోయి ఆగిపోయింది. అప్పుడు చూసిందండీ నా వైపు, మొహం ఇలా ముడుచుకుని, నేనే ఆపేసినట్టు! అచ్చం మీ మొహమే. బాగుచేసిన మోటారు తిరక్కపోతే పెడతారే, అదే మొహం."

బావ ఆవిడ మొహంలోకి చూశారు. "నాకెప్పుడూ చెప్పలేదే వేణీ," అన్నారు.

"మీరెప్పుడడిగారు? దాని పేరెత్తితే మీరేమైపోతారో అని నేను, నేనేమైపోతానో అని మీరు. సరిపోయింది ఇద్దరికీ!" అని అక్క కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

ఆయన కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కొత్త సంగతి వినబోయే పిల్లాడిలా ముందుకి వంగి కూర్చున్నారు.

"మళ్ళీ చెప్పు," అన్నారు. "మొదటినుంచీ చెప్పు."